హ్యాండ్‌బ్రేక్ లాగితేనే ఆగినట్టు

మా మావయ్య లెక్కలో కారు బ్రేకు తొక్కితే ఆగదు, హ్యాండ్‌బ్రేక్ లాగితేనే ఆగినట్టు. ఎర్ర లైటు పడినా, ముందున్న వ్యాను కాస్త తటపటాయించినా, రోడ్డు మధ్యలో కుక్క నిలబడి ఒళ్ళు విరుచుకున్నా సరే, గేరు న్యూట్రల్‌లోకి తోస్తాడు, కర్ర్ర్ మని హ్యాండ్‌బ్రేక్ లాగుతాడు, రెండు కాళ్ళూ వెనక్కి తీసుకుని సినిమా హాల్లో కూర్చున్నంత తీరిగ్గా కూర్చుంటాడు.

నేను ఉద్యోగం దొరికి ఆయనింటి మేడ మీద గదిలో దిగేసరికే ఈ అలవాటు ముదిరి పాకాన పడింది. ఆయన పళ్ళ డాక్టరు. క్లినిక్‌లో ఆయన కూర్చునే చక్రాల స్టూలుకి ఒక మీట ఉంది. దాన్ని కాలితో నొక్కి చక్రాలు బిగించనిదే ఎవరి నోట్లోకీ తొంగి చూడడు. పన్ను సలుపుతున్నవాడు పెట్టే కేకలు పక్క వీధికి వినబడుతున్నా ముందు మీటే. పక్కింటావిడ చంటిపాపని తోపుడుబండిలో పడుకోబెట్టి గేటు దగ్గర నిలబడితే, ఈయన వంగి బండి చక్రానికి లాక్ వేసిన తర్వాతే "బాగున్నారా అమ్మా" అంటాడు.

రోజూ ఆయన కార్లోనే నేను ఆఫీసుకి వెళ్ళొచ్చేవాణ్ణి కాబట్టి ఆ కర్ర్ర్ నాకు కలలోకి కూడా వచ్చేది.

"మావయ్యా, ఇప్పుడే పచ్చ లైటు పడుతుంది."

"పడనీ. నేనేమైనా వద్దన్నానా?"

"మరి అది లాగడం ఎందుకు?"

"ఆగాం కదరా."

పచ్చ లైటు పడేది. ఈయన క్లచ్చి తొక్కి, గేరు వేసి, మీట దించే తతంగం పూర్తయ్యేలోగా వెనక హారన్ల కచేరీ మొదలయ్యేది. "పాపం, ఏదో తొందర పనున్నట్టుంది" అని అద్దంలో వాళ్ళని చూసి జాలిపడేవాడు.

అందరికంటే ఎక్కువ వెక్కిరించేది మా అత్తయ్య. ఆవిడకి కర్టెన్లు కుట్టే షాపు ఉంది. "మీరా మీట దించేలోగా నేనొక కిటికీకి సరిపడా కుట్టేస్తాను" అనేది. ఆ కారెక్కనని ఒట్టు పెట్టుకున్నట్టే ఉండేది. ఆవిడకి స్కూటరుంది. సాయంత్రం మావయ్య క్లినిక్ మూసి, నన్నెక్కించుకుని షాపు ముందుకొచ్చి ఆగేవాడు. అక్కణ్ణుంచి ముందు కారు, వెనక స్కూటరు. దాటుకుని వెళ్ళిపోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. "ముందు ఆయన్ని పోనీరా. గుంతలన్నీ ఆయనకే తగుల్తాయి" అంది.

ఆవిడ కంటికి కిందటేడు ఆపరేషన్ జరిగింది. చూపు బాగానే వచ్చింది కానీ, చీకటి పడ్డాక ఎదురుగా దీపాలు గుచ్చుకుంటే నీళ్ళు కారి అంతా మసకైపోయేది. "కార్లో వచ్చెయ్" అన్నాడట మావయ్య. "నేనేమన్నా పార్సిలా?" అందట అత్తయ్య. కానీ మాటంటే మాటే అనే మనిషి. ఒక్క సాయంత్రం దారి సరిగా కనిపించకపోయినా స్కూటరు తాళంచెవి ఇచ్చేస్తాననీ, స్కూటరు లేనిదే కొలతల కోసం ఇళ్ళకి తిరగడం కుదరదు కాబట్టి షాపు కూడా మూసేస్తాననీ చెప్పిందట. అదృష్టవశాత్తూ ఆ తర్వాత ఏ ఇబ్బందీ రాలేదు. అంతా కంట్లో వేసుకునే చుక్కల మందు మహిమేనని కనిపించిన వాళ్ళకల్లా దాని పేరు చెప్పేది.

ఇలా ఉండగా మావయ్య మణికట్టు వాచింది. ఎముకల డాక్టరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బరువులు ఎత్తుతారా?"

"లేదండీ. పళ్ళు పీకుతాను."

"ఇది దానివల్ల వచ్చింది కాదు. ఇంకేం లాగుతారు?"

మావయ్య నోరు మెదపలేదు. నేను మెదిపాను. డాక్టరు కట్టు కట్టి, కొన్నాళ్ళపాటు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. అలా కారు నా చేతికొచ్చింది.

మొదటి సాయంత్రం సిగ్నల్ దగ్గర, లోకంలో అందరిలాగే బ్రేకు మీద కాలుంచి ఆగాను.

"హ్యాండ్‌బ్రేక్" అన్నాడు మావయ్య.

"కాలుందిగా మావయ్యా."

"కాలు తియ్యి. హ్యాండ్‌బ్రేక్ లాగు."

"నడిపేది నేను కదా. నువ్వు హాయిగా కూర్చో."

ఆయన హాయిగా కూర్చోలేదు. వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. కట్టు కట్టిన చేత్తోనే మీట అందుకోబోయి మూలిగాడు. నాకు నవ్వాగలేదు. ఆ రోజు ట్రాఫిక్ కూడా ఎక్కువే, అడుగడుక్కీ ఆగాం.

ఇంటికి చేరాక అత్తయ్య లోపలికొచ్చింది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, బుగ్గల మీద నీటి చారలు. తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అన్న మాట ప్రకారం ఇచ్చేస్తున్నానండీ. దారి పొడుగునా ఎర్రటి మంట తప్ప నాకేమీ కనబడలేదు. చేతిలో ఉన్నవి కుట్టిచ్చేసి షాపు మూసేస్తాను" అని మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

ఒక్క కుట్టుమిషనుతో మొదలుపెట్టి పెంచుకున్న షాపు అది. నాకు చాలా బాధేసింది. మావయ్య మాత్రం నా రెక్క పట్టుకుని కారు షెడ్డులోకి లాక్కెళ్ళాడు.

"ఎక్కి బ్రేకు తొక్కు. వెనక గోడ చూడు."

తొక్కాను. గోడంతా ఎర్రబడింది.

"ఇప్పుడు హ్యాండ్‌బ్రేక్ లాగి కాలు తియ్యి."

ఎరుపు పోయింది.

"రోజూ ఆ గోడ ఉన్నచోట మీ అత్తయ్య ఉంటుందిరా" అన్నాడు.

నేను కారు దిగాను.

"ఈ సంగతి ఆవిడతో చెప్పొచ్చుగా?"

"చెప్తే, నాకోసం ఎవరూ అవస్థ పడక్కర్లేదని వేరే దారిన పోతుంది. ఆ దారిలో కార్లన్నిటికీ నేను డ్రైవర్ని కాదుగా."

"పొద్దున ఆవిడ వెనక ఉండదు. అప్పుడెందుకు లాగుతావు? ఆ స్టూలెందుకు? పాప బండెందుకు?"

"అలవాటు తప్పితే సాయంత్రం మర్చిపోతానేమోనని భయం" అన్నాడు. మళ్ళీ కాస్త ఆలోచించి, "అయినా వెనకున్నవాళ్ళ కళ్ళు ఎలాంటివో మనకేం తెలుసు?" అన్నాడు.

లోపలికెళ్ళి, కళ్ళలో దుమ్ము పడిందేమోననీ, ఇంకొక్క సాయంత్రం చూడమనీ అత్తయ్యని బతిమాలాడు. "ఒక్కటే" అంది ఆవిడ.

మర్నాటి సాయంత్రం నేను లాగినట్టు మావయ్య కూడా ఎన్నడూ లాగి ఉండడు. స్పీడ్‌బ్రేకరు దగ్గర కూడా లాగబోతే ఆయనే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అలా పెద్ద సిగ్నల్ దాకా వచ్చి ఆగేసరికి స్కూటరు నా పక్కకొచ్చింది. అత్తయ్య అద్దం మీద తట్టింది. కళ్ళు తేటగా ఉన్నాయి. అద్దం దించాను.

"నిన్న నీ కాలు ఎక్కడుందిరా?"

"బ్రేకు మీద అత్తయ్యా."

"ఇవాళ?"

"కింద."

పైకి లేచి ఉన్న మీటని చూసింది. కట్టు కట్టిన చేతిని చూసింది.

"ఎన్నాళ్ళ నుంచండీ?"

"నీ ఆపరేషన్ అయినప్పట్నుంచి" అన్నాడు మావయ్య, దొంగ దొరికిపోయినట్టు.

"చెప్తే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"వేరే దారిన పోతావని."

"పోయేదాన్నే" అని ఒప్పుకుంది అత్తయ్య. తర్వాత నా వైపు తిరిగి, "సరే, రేపు పొద్దున్నే కొలతలకి వెళ్ళాలి. తిన్నగా పోనియ్" అంది. స్కూటర్ని కాళ్ళతో వెనక్కి నెట్టుకుంటూ మళ్ళీ కారు వెనక తన చోటికి చేరుకుంది.

పచ్చ లైటు పడింది. కంగారులో నాకు మీట దిగలేదు. వెనక వ్యానువాడు హారన్ మోగించాడు. అత్తయ్య తల వెనక్కి తిప్పి వాడికి చెప్పడం నాకు స్పష్టంగా వినబడింది:

"కాస్త ఆగవయ్యా. హ్యాండ్‌బ్రేక్ దించుతున్నారు."