రోజీకి నేను పెట్టిన పథ్యం

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుని ఉంది. లేవదు. అన్నం తింటున్నా ఉంటుంది, బస్సులో వెళ్తున్నా ఉంటుంది. ఎవరైనా నన్ను మంచిదానివి అంటే ఇంకా బరువెక్కుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ముందే ఒక మాట. నాకు అక్షరాలు వచ్చి రెండేళ్ళే. మా మహిళా సంఘంలో ఒకమ్మాయి ఓపిగ్గా నేర్పింది. ఇది జరిగిన రోజుల్లో వేలిముద్ర వేసేదాన్ని. అది విని, "అయ్యో, చదువు లేక చేసింది" అని మీరు జాలి పడతారేమో. పడొద్దు. ఆ మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది. చదువు లేకపోయినా చెవులున్నాయి. డాక్టరు నా ఎదురుగానే చెప్పాడు. విన్నాను. విని కూడా చేశాను.

విజయవాడలో ఒకరింట్లో పనిచేసేదాన్ని. వాళ్ళకు వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు. పిల్లలు లేరు. రోజీ అనే ఆడకుక్కను పెంచుకున్నారు. గోధుమరంగు ఒళ్ళు, వేలాడే చెవులు. ఒక వేసవిలో దాని గర్భసంచికి చీము పట్టింది. ఆపరేషన్ చేసి తీసేశారు. అప్పటికే అయ్యగారి తల్లి అస్థికలు కలపడానికి కాశీకి టిక్కెట్లు తీసి ఉన్నాయి. అమ్మగారు వెళ్ళనని ఏడ్చింది. కానీ ఆగే పని కాదు. తొమ్మిది రోజులు నన్ను ఆ ఇంట్లోనే ఉండమని చెప్పి, రోజీని నాకు అప్పగించి వెళ్ళారు.

మెడ చుట్టూ గరాటులా కట్టిన ప్లాస్టిక్ పట్టీ తియ్యకూడదని, కుట్లు నాకనివ్వకూడదని డాక్టరు చెప్పాడు. నీళ్ళు ఎప్పుడూ దాని దగ్గరే ఉండాలి, ఈ మందులకు నీళ్ళు బాగా తాగాలి అన్నాడు. నీళ్ళ మాట రెండుసార్లు అన్నాడు. నేను రెండుసార్లూ తలూపాను.

వాళ్ళ కారు వీధి మలుపు తిరగగానే గిన్నెలో నీళ్ళు తీసుకెళ్ళి మొక్కలకు పోశాను.

మా ఇళ్ళలో అదే పథ్యం. కంకిపాడు దగ్గర మా ఊరు. కోత పడ్డ ఒంటికి నీళ్ళిస్తే కుట్లు చీము పడతాయంటారు. రెండో కాన్పు తర్వాత నాకు పిల్లల ఆపరేషన్ అయినప్పుడు మా అత్తగారు మూడు రోజులు గుక్కెడు నీళ్ళివ్వలేదు. తడిగుడ్డ పెదాలకు అద్దేది. నేను ఆ గుడ్డను పళ్ళతో పట్టుకుని పీల్చాను. ఆవిడ లాగేసుకుంది. మనసులో ఆవిడను తిట్టని తిట్టు లేదు. కానీ బతికాను. బతికాను కాబట్టి ఆవిడ చేసింది సరైందే అనుకున్నాను. నీళ్ళివ్వనందుకు బతికానా, ఇవ్వకపోయినా బతికానా అని ఒక్కసారైనా ఆలోచించలేదు. ఆ దాహం ఎలా ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు? తెలిసినదాన్నే ఇంకో ప్రాణికి అదే పెట్టాను.

మిగతాదంతా వంక లేకుండా చేశాను. మందులు వేళకు వేశాను. పాతబియ్యం మెత్తగా వండి, ఉడికించిన కోడిమాంసం కలిపి పెట్టాను. చారు మాత్రం వంచేశాను. రెండో రోజు నేను నేల తుడుస్తుంటే రోజీ వెనకే వచ్చి తడి గచ్చు నాకడం మొదలుపెట్టింది. మెడ చుట్టూ ఉన్న పట్టీ నేలకు గీసుకుని గరగరమనేది. బాత్రూం తలుపుకు గొళ్ళెం పెట్టాను. నా అరచేతిలో చెమట నాకింది. చెయ్యి లాక్కున్నాను.

అది నమ్మకమేనా? తొమ్మిదేళ్ళుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇదే. దానికి ఏసీ గది, మెత్తటి పరుపు, పక్కన మనిషి కాపలా. నేను ఆపరేషన్ అయిన పదో రోజున నాట్లకు వెళ్ళాను, కుట్ల చోట చీర తగిలితే కళ్ళు బైర్లు కమ్మేవి. మూడో రోజు రోజీ నా వంక చూస్తుంటే, "నేను ఓర్చుకోలా? నువ్వు ఓర్చుకోలేవా?" అని పైకే అన్నాను. ఆ మాటలో పథ్యం ఎక్కడుంది? పగ ఉంది. నన్నెవరూ చూసుకోనంతగా దాన్ని చూసుకుంటున్నారన్న కడుపుమంట ఉంది. నోరులేని దాని మీద తీర్చుకున్నాను.

రోజూ కట్టు మార్చి సూది వెయ్యడానికి క్లినిక్ నుంచి కాంపౌండరు కోటయ్యగారు వచ్చేవారు. యాభై దాటిన మనిషి. ఆయన వచ్చే వేళకు రోజీని గదిలోనే ఉంచి, వసారాలో గిన్నె సగం నింపి పెట్టేదాన్ని, ఆయన వెళ్ళగానే పారబోసేదాన్ని. తప్పు కాదనుకున్నదాన్ని మరి ఎందుకు దాచాను?

"ఏమ్మా, మీ కూతురు కులాసాయేనా?" అని రోజీని చూపించి సరదాగా అనేవారు. నాలుగో రోజు మాత్రం రోజీ చిగుళ్ళు వేలితో తడిమి, "నీళ్ళు తాగుతుందా? మూతి ఎండిపోయిందే" అన్నారు.

"తాగుతుందండీ. పొద్దుట్నుంచి రెండుసార్లు నింపా. మందుల వేడేమోనండీ."

"అబ్బో, డాక్టరమ్మవి అయిపోయావుగా" అని నవ్వి, నన్ను నమ్మి వెళ్ళిపోయారు.

ఐదో రోజు రోజీ వాంతులు చేసుకుంది. ఆరో రోజు పొద్దున లేవలేదు. అప్పుడు పోశాను నీళ్ళు. నోటి పక్క నుంచి కారిపోయాయి. ఆటోలో క్లినిక్‌కి తీసుకెళ్ళాను. రక్తం పరీక్ష చేసి కిడ్నీలు పోయాయన్నారు. నీళ్ళు తాగిందా అని డాక్టరు అడిగాడు. తాగిందండీ అన్నాను. మధ్యాహ్నానికి చనిపోయింది.

అయ్యగారు కాశీ నుంచి వచ్చి క్లినిక్ మీదకు వెళ్ళారు. డాక్టరు తన పేరు కాపాడుకోవాలి. సూదిమందు ఎక్కువ పోసుంటాడని కోటయ్యగారి మీద పెట్టి, ఆయన్ని పనిలోంచి తీసేశాడు. ఆ డాక్టరు మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఆయనకు ఆ దారి చూపించింది నా అబద్ధమే కదా. అమ్మగారు నన్ను పట్టుకుని ఏడ్చింది. బాగా చూసుకున్నానని పట్టుచీర పెట్టింది. ఆ చీర కట్టుకుని పెళ్ళికి కూడా వెళ్ళాను. సిగ్గులేని ఒళ్ళు.

రెండేళ్ళ తర్వాత వన్ టౌన్‌లో ఒక గోడౌన్ ముందు కోటయ్యగారు కనిపించారు. కాపలా ఉద్యోగం. తప్పించుకుందామనుకున్నాను. ఆయనే పిలిచారు.

"బాగున్నావా అమ్మా? ఆ కుక్క గుర్తొస్తుంటది నాకు. సిరంజి మీద గీత సరిగ్గా చూడలేదేమో. కళ్ళజోడు మార్చుకోమని మా ఆవిడ అప్పటికే పోరుతుండేది."

"అట్టా అనుకోమాకండి."

"అనుకోక? చెయ్యి నాదేగా. ముప్పై ఏళ్ళు చేశా, ఒక్క జీవం పోలా నా చేతిలో. నువ్వు పాపం కన్నకూతుర్లా చూశావు దాన్ని."

వస్తానండీ అని వచ్చేశాను. అంతే అన్నాను. ఆయన ఉద్యోగం ఒక్కటే పోయిందనుకున్నాను అప్పటిదాకా. ఆయన చేతి మీద ఆయనకున్న నమ్మకం కూడా పోయింది. దాన్ని తిరిగివ్వడానికి ఒక్క వాక్యం చాలు, అది నా నోట్లోనే ఉంది, అయినా మింగేసి బస్సెక్కాను.

తర్వాత ఆయన గన్నవరంలో కూతురి దగ్గరకు వెళ్ళారని విన్నాను. గన్నవరం ఏమంత దూరం? నేను వెళ్ళలేదు. వెళ్తానని మీకు మాటివ్వను. నా మాటకు విలువ లేదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. క్షమించమని కూడా అడగను. అడిగితే ఆయన్ని అడగాలి.

ఇంతవరకూ రాయడానికి నాలుగు రోజులు పట్టింది. చెయ్యి నొప్పెట్టింది. అయినా నోటితో ఎన్నడూ అనలేనిది చేత్తో రాయగలిగాను. కోటయ్యగారు గీత సరిగ్గానే చూశారు. మందు సరిగ్గానే పోశారు. ఆయన తప్పు ఏమీ లేదు. రోజీకి నీళ్ళు లేకుండా చేసింది నేను.