సెలవు పెట్టి చేసిన కొలువు

యూనివర్సిటీలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే రోజుల్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. పొద్దున క్లాసు, మధ్యాహ్నం హార్బర్ వైపు ఏదో ఒక కంపెనీలో సలహాలు. క్లాసులో చెప్పింది అక్కడ పనికొస్తుందా అన్న అనుమానం లోపల తొలుస్తూనే ఉండేది.

ఎనభైల మొదట్లో, పడవలు బాగుచేసే ఒక వర్క్‌షాపుకి రిపోర్టు రాసిచ్చాను. ఇంజన్ల దగ్గర మనుషులు చాలక పనులు ఆలస్యమవుతున్నాయని, రంగులేసే సెక్షన్ ఎత్తేసి ఆ మనుషుల్ని ఇంజన్ల షెడ్డులోకి మార్చమన్నాను. యజమానిది ఆనందపురం దగ్గర రైతు కుటుంబం. అంతా చదివించుకుని విన్నాడు.

"బాగానే ఉంది సార్. మీరు సెప్పేసి ఎల్లిపోతారు. సేసేదెవులు? మీరే వొచ్చి మేనేజరుగా కూకోండి."

నవ్వేసి వచ్చేశాను గానీ ఆ మాట వదల్లేదు. బోర్డు మీద రాస్తూ రాస్తూ, సుద్దముక్క పట్టుకుని ఆగిపోయేవాణ్ణి. చివరికి ఏడాది సెలవు పెట్టి వెళ్ళి చేరాను.

చేరగానే రంగులేసేవాళ్ళను పిలిచి మార్పు సంగతి చెప్పాను. వాళ్ళలో పెద్దాయన వన్‌టౌన్ ముస్లిం. బ్రష్షు తుడుచుకుంటూ అడిగాడు.

"ఈ వయసులో నాను ఇంజను పని నేర్సుకోవాలా సార్?"

"నేర్పిస్తాం."

"మరి పడవలకి రంగెవులేత్తారు?"

"బయట వేయిస్తాం."

"అయితే ఆ బయటోణ్ణి నానే అవుతాను."

అన్నట్టుగానే జాలరిపేట దగ్గర చిన్న షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. మా పడవలే ఆయనకు మొదటి పని. మిగిలినవాళ్ళు సణుక్కుంటూనే ఇంజన్ల వైపు మారారు. పనులు చెప్పిన గడువుకి అందసాగాయి. యజమాని ఉండిపొమ్మన్నాడు.

నాకేమో క్లాసు మీదికి మనసు మళ్ళింది. ఫోర్‌మెన్లకు పని చెప్పబోయి పాఠం మొదలుపెట్టేవాణ్ణి. వాళ్ళు మర్యాదగా విని గడియారం చూసేవాళ్ళు.

"క్లాసులో ఉంటే వర్క్‌షాపు గోల, వర్క్‌షాపులో ఉంటే క్లాసు గోల. ఎక్కడుంటే మీకు కుదురో చెప్పండి" అంది మా ఆవిడ.

సెలవు అయిపోగానే తిరిగి యూనివర్సిటీకి వెళ్ళాను. మొదటిరోజు పాఠం పక్కనపెట్టి ఆ పెద్దాయన సంగతి చెప్పాను. అలాంటివాణ్ణి పోనివ్వకూడదని ఒక కుర్రాడు, వెళ్ళడమే ఆయనకు మేలని ఒకమ్మాయి వాదించుకున్నారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఎన్నాళ్ళకో నా ఒళ్ళు తేలికైంది.

ఆ సాయంత్రమే ఇంకో కంపెనీ నుంచి కబురు. ఆగలేక వస్తానన్నాను. అయితే ఈసారి రిపోర్టు రాసేముందు అక్కడి షెడ్డులో పనిచేసేవాళ్ళతో కూర్చుని మాట్లాడతానన్నాను. ఆ కంపెనీ యజమాని ఒప్పుకున్నాడు, అయిష్టంగానే.