ఏడో గుంటలో బంతి పడ్డ మధ్యాహ్నం

మా చిన్నప్పుడు మా టీవీకి చెక్క తలుపులు ఉండేవి... తాళం లేకపోయినా తాళం వేసినట్టే. నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, తన చేత్తో తీస్తే తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. బ్లాక్ అండ్ వైట్ టీవీయే. కానీ ఆ ఇంటి మొత్తానికి ఉన్నది అదొక్కటే.

అమీర్‌పేటలో ఓ సందులో మేడ మీద వాటా మాది. కింద ఇంటి ఓనర్లు, సల్మా వాళ్ళు. సల్మా, నేనూ ఆరో తరగతి. దాని అన్న జావేద్ పదో తరగతి. ఆ ఇంటికి పెద్ద, సల్మా నాయనమ్మ... అందరం దాదీ అనేవాళ్ళం. మేం గుంటూరు నుంచి వచ్చి మూడేళ్ళయినా నాన్నగారికీ వాళ్ళకీ మధ్య మెట్ల దగ్గర ఒక నమస్కారం, ఒక సలాం. అంతకుమించి మాటల్లేవు.

ఆ వేసవి సెలవుల్లో సల్మా వాళ్ళ చాచా, అంటే చిన్నాన్న, దుబాయ్ నుంచి వచ్చాడు. ఇంట్లో అందరూ అత్తరు సీసాల చుట్టూ మూగితే సల్మా మాత్రం మెట్లెక్కి పరిగెత్తుకొచ్చింది.

"చాచా కంప్యూటర్ తెచ్చిండు. దాంట్ల ఆట ఉందంట. గానీ టీవీ కావాలె."

టీవీ... అదీ నాన్నగారి టీవీ!

అమ్మ ససేమిరా అంది. సల్మా బతిమాలింది, నేను ఏడుపు మొహం పెట్టాను, చివరికి చాచాయే వచ్చి టీవీకి ఏమీ కాదని మాటిచ్చాడు. నాన్నగారు వచ్చేలోపు ఎక్కడివక్కడ పెట్టేయాలని అమ్మ షరతు.

కంప్యూటరంటే ఏదో బీరువా అంత ఉంటుందనుకున్నాను. చూస్తే టైపు మిషన్ మీటల భాగం మాత్రం కోసి తెచ్చినట్టు ఉంది! చాచా టీవీ వెనక యాంటెన్నా వైరు పీకేసి దీని వైరు పెట్టాడు. పక్కన టేప్‌రికార్డర్, అందులో క్యాసెట్. ఆట ఆ క్యాసెట్‌లోనే ఉందట. మీట నొక్కగానే పాట రాలేదు... కీచుమని ఒకటే గోల. ఆ గోలే ఆటగా కంప్యూటర్‌లోకి ఎక్కుతుందట, మధ్యలో కదిలిస్తే మళ్ళీ మొదటికేనట. అయిదారు నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఎవరైనా గట్టిగా నడిస్తే జావేద్ కళ్ళతోనే కసిరేవాడు.

అప్పుడు తెర మీద బూడిద రంగు మైదానం వచ్చింది. చుట్టూ గోడలు, ఒక తెల్లటి చుక్క, ఒక నల్లటి గుంట. చుక్కే బంతి. మీటలు నొక్కి బాణం గుర్తు తిప్పుకోవాలి, ఎంత గట్టిగా కొట్టాలో ఇంకో మీటతో చెప్పాలి. చిన్న గోల్ఫ్ అని చాచా చెప్పాడు. గోల్ఫంటే ఏమిటో మాకెవరికీ తెలియదు. తెలియాల్సిన పనీ లేదు... బంతి గుంటలో పడాలి, అంతే!

మొత్తం తొమ్మిది గుంటలు. ఒకటి, రెండు, మూడు... బంతి పడ్డప్పుడల్లా అరుపులు. ఏడో దాని దగ్గర ఆగిపోయాం. బంతికీ గుంటకీ మధ్య అడ్డంగా గోడ. జావేద్ వల్ల కాలేదు, చాచా వల్లా కాలేదు. నేను కొట్టిన బంతి తిరిగి నా దగ్గరికే వచ్చింది.

మా అరుపులకి దాదీ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మంచం మీద కూర్చుని కాసేపు చూసింది.

"సీదా కొడితే పోదు బిడ్డా. పక్క గోడకు కొట్టు. గా గోడనే తీస్కపోయి ఏస్తది."

జావేద్ నవ్వాడు. దాదీ వాణ్ణి లేపి, తనే కుర్చీలో కూర్చుంది. ఏ మీట ఎందుకో సల్మా చూపించింది. బాణం కొంచెం కొంచెం తిప్పి, మీట నొక్కింది. బంతి పక్క గోడకి తగిలింది, వెనక గోడకి తగిలింది... నెమ్మదిగా వచ్చి గుంటలో పడింది! పెళ్ళికి ముందు దాదీ తన అన్నలందరినీ క్యారమ్స్‌లో ఓడించేదని చాచా అప్పుడు చెప్పాడు.

మేం గంతులేస్తుండగా గుమ్మంలో చెప్పుల చప్పుడు. నాన్నగారు. ఆ రోజు ఆఫీసు తొందరగా వదిలేశారట. తెరిచి ఉన్న టీవీ తలుపులు, వేలాడుతున్న యాంటెన్నా వైరు, ఇంటినిండా జనం... అమ్మ వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. నాన్నగారి ముఖం ఎర్రబడింది. నోరు తెరవబోయారు.

దాదీ తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అంది.

"వచ్చినవా బాబూ. నీ టీవీకి ఏం కాలే, ఫికర్ చెయ్యకు. జర కూసో, ఇంక రెండే ఉన్నయి."

అంత పెద్దావిడ మాట కాదనలేక, క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చున్నారు. ఎనిమిదోది దాదీ రెండు దెబ్బల్లో వేసేసింది. తొమ్మిదో దానిలో సన్నటి వంతెన, రెండు పక్కలా నీళ్ళు. బంతి ఒకసారి నీళ్ళలో పడింది. రెండోసారీ పడింది. నాన్నగారు మెల్లగా ముందుకి జరిగారు.

"అంత గట్టిగా వద్దండీ... కాస్త తగ్గించి కొట్టండి."

దాదీ లేచి కుర్చీ చూపించింది. "అయితే నువ్వే కొట్టు."

నాన్నగారు క్యారియర్‌తో సహా కుర్చీలోకి మారి, బాణం సరిచేసుకున్నారు. మీట నొక్కారు. బంతి వంతెన దాటింది... గుంట అంచు దాకా వెళ్ళింది... ఆగినట్టే ఆగి, టప్పున లోపలికి. నాన్నగారు రెండు చేతులూ పైకెత్తి లేచారు. క్యారియర్ కింద పడి, మిగిలిన మజ్జిగంతా గచ్చు మీద పారింది. ఆయన చూడనే లేదు! మా నాన్న అలా అరవగలరని నాకు ఆ రోజే తెలిసింది.

చాచా సెలవు అయిపోయేదాకా, పదిరోజులూ, నాన్నగారు ఆట కోసం మాసబ్ ట్యాంక్‌లో ఆఫీసు దగ్గర ముందు బస్సే పట్టుకునేవారు. తర్వాత కంప్యూటర్ చాచాతో వెళ్ళిపోయింది. అయినా ఆదివారాలు నాన్నగారు కిందికి దిగి దాదీతో క్యారమ్స్ ఆడేవారు. ఎప్పుడూ ఆవిడే గెలిచేది.

ఇప్పుడు మా అబ్బాయి ఫోన్లో అదే ఆట ఆడతాడు. పచ్చటి గడ్డి, గాలికి ఊగే జెండా... ఎంత అందంగా ఉంటుందో! ఎవరితో ఆడుతున్నావురా అంటే, తల ఎత్తకుండానే "తెలీదమ్మా" అంటాడు.

మీ ఇంటి టీవీ ముందు కూర్చుని మీరు మొదటిసారి ఆడిన ఆట ఏది? పక్కన ఎవరున్నారు? వాళ్ళ పేర్లు కూడా రాయండి...