మా నాయిన మైకుసెట్టు ఆగిన రోజు

ఆ రోజుల్లో మా వరంగల్‌లో కళ అంటే రైలు దిగి రావలసిందే అన్న నమ్మకం ఒకటి ఉండేది. బయటి నుంచి వచ్చిన వారికి స్టేషన్‌లోనే పూలదండ, రిక్షా, హోటల్లో గది. మన పక్క ఊళ్లో పుట్టి మన యాసలో పాడేవారికి మాత్రం, ఎంత గొప్పగా పాడినా, "మనోడే గద" అన్న ఒక్క మాట. ఎనభైల మొదట్లో, ఇరవై రెండేళ్ల వయసులో, ఈ అన్యాయాన్ని నేనొక్కదాన్నే సరిదిద్దగలనని నాకు గట్టి ధీమా. (చేతిలో డిగ్రీ ఉండి ఉద్యోగం లేకపోతే ఇలాంటి ధీమా బాగా పెరుగుతుంది.)

మా నాయినకు మట్టెవాడలో ఎలక్ట్రికల్ దుకాణం. బల్బులు, వైర్లు అమ్మడంతో పాటు మైకుసెట్లు అద్దెకిచ్చేవాడు. దుకాణం కంటే ఆ సెట్ల మీదే ఆయనకు ప్రాణం. పెళ్లికైనా, ఎన్నికల సభకైనా ఆంప్లిఫయరు పక్కన కుర్చీ వేసుకుని తానే కూర్చునేవాడు. తన సెట్టు ఇంతవరకు ఒక్క సభలోనూ ఆగలేదన్నది ఆయన జీవితంలో సాధించిన ఘనత. ఆ మాట ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు, చుట్టం వద్దన్నా చెప్పేవాడు. మా ఊరి కళాసమితికి కూడా మైకు ఆయనదే. అలా నేనూ ఆ సమితిలో చేరాను. నన్ను సహాయ కార్యదర్శిని చేశారని వీధంతా చెప్పుకున్నాను కానీ, సన్మానాలప్పుడు శాలువా పళ్లెం పట్టుకుని వేదిక మీదికి రావడానికి ఒక ఆడపిల్ల కావలసి వచ్చి తీసుకున్నారని నెల తర్వాత తెలిసింది.

అయినా నేను తగ్గలేదు. ఆ ఏడు వార్షికోత్సవంలో ఎవరిని సన్మానించాలన్న మాట వచ్చినప్పుడు లేచి నిలబడి, మనవాళ్లను మనం గౌరవించుకోకపోతే ఇంకెవరు గౌరవిస్తారని పావుగంట మాట్లాడాను. (రాత్రంతా అద్దం ముందు సాధన చేసిన ప్రసంగం.) అధ్యక్షుడు ఒక పెద్ద వకీలు, అందరికీ వకీలు సాబ్. ఆయన కళ్లజోడు తుడుచుకుని, అయితే నువ్వే ఒకరిని వెతికి తీసుకురా అమ్మా అన్నాడు. నేను నోరు మూస్తే చాలనుకున్నాడేమో. నేను మాత్రం మర్నాడే హసన్‌పర్తి బస్సెక్కి, అక్కడి నుంచి రెండు మైళ్లు నడిచి, రాణి తాత ఇంటికి పోయాను.

రాణి తాత వీధి భాగవతాల్లో నలభై ఏళ్లు రాణి వేషాలు కట్టిన మనిషి. వేషం మానేశాక, ఇన్నేళ్ల కసి తీర్చుకున్నట్టు, బారెడు మీసం పెంచాడు. ఊళ్లో చిన్నా పెద్దా అందరూ ఆయన్ను రాణి తాత అనే పిలిచేవారు, ఆ పిలుపులో వెక్కిరింత ఉండేది కాదు. నేను వెళ్లేసరికి మిరప చేనుకు నీళ్లు పెడుతున్నాడు. సన్మానం సంగతి, శాలువా సంగతి, ముఖ్య అతిథి సంగతి గుక్కతిప్పుకోకుండా చెప్పాను. అంతా విని కాళ్లకంటిన బురద కడుక్కుంటూ అన్నాడు: "ఎండకాలం శాలువ ఏం జేసుకోను బిడ్డా? జర పాడనిస్తరా చెప్పు, వస్త."

"అర్ధగంట పాడుదువు తాతా. నాది మాట," అన్నాను. మాట ఇవ్వడం ఎంత తేలికో ఆ వయసుకే తెలుసు.

ఆ రోజు రానే వచ్చింది. హాలు మాకు మూడింటి నుంచి ఆరింటి వరకే; తర్వాత అక్కడ ఒక పెళ్లి విందు ఉంది. వెనక పెరట్లో అప్పటికే వంటవాళ్లు గుండిగలు దించుతున్నారు. రాణి తాత ఉతికిన ధోవతి కట్టుకుని, మద్దెల వాయించే కొడుకును, తాళం వేసే తమ్ముణ్ని, ఊరి నుంచి ముప్పై మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన్ను వేదిక మీద కూర్చోబెట్టి మెడలో దండ వేశారు. తర్వాత ఉపన్యాసాలు మొదలయ్యాయి. మొదటి వక్త జానపద కళల ప్రాశస్త్యం గురించి నలభై నిమిషాలు, రెండో వక్త మొదటి వక్త ప్రాశస్త్యం గురించి అరగంట మాట్లాడారు. ముఖ్య అతిథి గ్రీసు దేశంలో నాటకం ఎలా పుట్టిందో చెప్పడం మొదలుపెట్టాడు. ఐదు దాటినా ఆయన ఇంకా గ్రీసులోనే ఉన్నాడు. అప్పుడు ఆహ్వానపత్రం తీసి చూస్తే, రాణి తాత పాట చివరి వరుసలో, 'సమయం అనుమతించినచో' అని సన్న అక్షరాల్లో ఉంది.

రాణి తాత కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఒక్కసారి మాత్రం తల తిప్పి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే నాకు ఇంత బాధ అయ్యేది కాదు. వెంటనే వకీలు సాబ్ దగ్గరికి పోయి చెవిలో చెప్పాను. పెద్దలు మాట్లాడుతుంటే ఎట్లా ఆపుతామమ్మా, ఆయన పాట మళ్లొకసారి పెట్టుకుందాం, అన్నాడు. ఆ 'మళ్లొకసారి' ఎప్పటికీ రాదని ఇద్దరికీ తెలుసు.

వేదిక వెనక చిన్న గదిలో కరెంటు బోర్డు ఉంది. దుకాణంలో పెరిగినదాన్ని, ఫ్యూజులంటే నాకు భయం లేదు. మైకు లైను ఒక్కటి తీసేస్తే ముఖ్య అతిథి రెండు నిమిషాల్లో ముగిస్తాడని నా లెక్క. చేతులు కొంగుకు తుడుచుకుని, తెల్లటి పింగాణీ ఫ్యూజుల్లో ఒకదాన్ని పట్టి పీకాను. మైకు ఆగింది. మైకుతో పాటు ఫ్యాన్లూ ఆగాయి, లైట్లూ పోయాయి. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. తిరిగి పెడదామనుకునేలోపే మా నాయిన అడుగుల చప్పుడు. ఏం చేయాలో తోచక, పక్కనే ఉన్న సన్మాన పళ్లెంలో, కొబ్బరికాయ పక్కన, శాలువా కింద ఫ్యూజు దాచి, పళ్లెం పట్టుకుని బయటికి వచ్చేశాను. ఆయన గదిలోకి కూడా రాలేదు. ఊరి కరెంటే పోయిందనుకుని, హాల్లో కరెంటు ఉంటుందిలే అని ఆ రోజు బ్యాటరీ తేనందుకు తనను తాను తిట్టుకుంటూ, ఆ దెబ్బకు సెట్టుకేమైనా అయిందేమోనని ఆంప్లిఫయరు మూత విప్పడం మొదలుపెట్టాడు. ఆ ముఖం చూడలేక పళ్లెంతో పక్కకు జరిగాను.

ముఖ్య అతిథి కొంతసేపు నోటితోనే లాగించాడు కానీ గొంతు రెండో వరుస దాటలేదు. ఏప్రిల్ ఎండ, ఫ్యాన్లు లేవు. రుమాలుతో మెడ తుడుచుకుని గ్రీసును అక్కడే వదిలేసి కూర్చున్నాడు. జనం గాలి కోసం తలుపులన్నీ తెరిచారు. కరెంటు వచ్చేదాకా ఓపిక పట్టాలని వకీలు సాబ్ లేచి చెబుతుండగా, రాణి తాత మెడలో దండ తీసి కుర్చీ మీద పెట్టి ముందుకొచ్చాడు. తనకు కరెంటుతో పనిలేదని నెమ్మదిగా చెప్పి, కొడుకు వైపు చూశాడు. మద్దెల మోగింది.

యుద్ధానికి పోతున్న రాజును రాణి సాగనంపే పాట అది. ఆ గొంతు మైకు లేకుండా చివరి వరుస దాటి, పెరట్లోకి పోయింది. వంటవాళ్లు గరిటెలతో సహా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కాసేపటికి ఆ బారెడు మీసం ఎవరికీ కనిపించలేదు, రాణి మాత్రమే కనిపించింది. మా నాయిన స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని, పని మరిచిపోయి వింటున్నాడు.

పాట అయ్యాక చప్పట్ల మధ్య వకీలు సాబ్ శాలువా తెమ్మన్నాడు. నాకు పారిపోవడానికి దారి లేదు. పళ్లెం తీసుకుపోయాను. ఆయన శాలువా ఎత్తగానే ఫ్యూజు కొబ్బరికాయకు తగిలి ఠంగుమంది. మా నాయిన మెట్లెక్కి వచ్చి, ఫ్యూజును అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను చూశాడు.

"ఇది మెయిన్ది బిడ్డా," అన్నాడు. "మైకుది పక్కది."

ఆ మాటకు ముందు వంటవాళ్లు నవ్వారు, తర్వాత అందరూ. ఫ్యూజు పెట్టడానికి మా నాయిన కదలబోతుంటే రాణి తాత ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"జర ఆగు సేటూ. ఇంకొక్క పాటైనంక పెట్టు."

సమితి సమావేశంలో నాకు బాగానే అక్షింతలు పడ్డాయి. కానీ ఆ తర్వాతి ఏడు నుంచి కళాకారుడి పాట ముందు, ఉపన్యాసాలు తర్వాత అని వకీలు సాబే నియమం పెట్టాడు. మా నాయిన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఎవరో దుకాణానికొచ్చి, మీ సెట్టు కూడా ఆగిందట గదా అన్నారు. అది మాత్రం ఆయన భరించలేకపోయాడు. "మా సెట్టుకేం కాలే. మా బిడ్డనే ఫ్యూజు పీకింది," అన్నాడు. సెట్టు పరువు కాపాడుకోవడానికి ఆ కథ బజారంతా చెప్పవలసి వచ్చింది. మొదట్లో తలకొట్టుకుంటూ చెప్పేవాడు. ఏడాది తిరిగేసరికి మీసం దువ్వుతూ చెప్పడం నేను చాటుగా విన్నాను. పోయేదాకా చెబుతూనే ఉన్నాడు, నా పెళ్లిచూపుల్లో కూడా చెప్పాడు. (సంబంధం అయినా కుదిరింది.)

ఇప్పుడు నన్ను కూడా సభలకు పిలిచి ముందు వరుసలో కూర్చోబెడుతున్నారు. గంటల కొద్దీ ప్రసంగాలు విని, మర్యాదగా చప్పట్లు కొట్టి ఇంటికొస్తాను. దారిలో ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొస్తుంది. ఏ ఫ్యూజు దేనిదో కూడా తెలియని ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పిల్ల నేనేనని చెప్పుకోవడానికి మాత్రం ఇప్పటికీ భలే గర్వంగా ఉంటుంది.