చివరి ఇంటికి కట్టని స్టారు

పరశురాములు ఒంటెలు కట్టిన సంవత్సరం సూర్యాపేటలో నవ్వని మనిషి లేడు. అది 2001 డిసెంబరు. చర్చి బజారు మొదట్లో, నా ఫోటో స్టూడియోకి ఎదురుగా, వెదురు బద్దలతో చట్రం కట్టి, దాని నిండా రంగురంగుల చిన్న బల్బులు చుట్టి, క్రిస్మస్ కథలోని ముగ్గురు జ్ఞానులు ఒంటెల మీద వస్తున్నట్టు నిలబెట్టాడు. జ్ఞానులు బాగానే కుదిరారు. ఒంటెలే, మెడలు సాగిన గొర్రెల్లా ఉన్నాయి.

"ఏమయ్యా, జ్ఞానులు చివ్వెంల నుంచి బయలెల్లిన్రా?" అని అడిగాను.

"ఒంటెను నేనేడ సూసిన్నన్నా? గొర్రెనైతే కండ్లు మూసుకొని గుడ కడ్తా" అన్నాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

ఆయనది చివ్వెంల. గొర్రెలు కాసే ఇల్లు. తండ్రి జంగయ్య కాళ్లు సహకరించక మంద అమ్మేస్తే, ఈయన సూర్యాపేట వచ్చి వైరింగ్ పని నేర్చుకుని, నా స్టూడియో పక్కనే లైటింగ్ దుకాణం పెట్టాడు. పెళ్లిళ్లు, వినాయకుడి మండపాలు, బతుకమ్మ, దర్గా ఉర్సు, ఎవరు పిలిచినా నిచ్చెన భుజాన వేసుకుని పోయేవాడు. దుకాణంలో అన్ని మతాల బల్బులూ ఒకే గోనెసంచిలో పడుకునేవి. క్రిస్మస్ మాత్రం ఆయనకు కొత్త. అందుకే చర్చి పాస్టరు గారు ఓ సాయంత్రం కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. బాలుడు పుట్టిన చోటికి దారి చూపింది నక్షత్రం. అది వచ్చి ఆ ఇంటి మీద ఆగింది. అందుకే మనవాళ్లు ఇంటి ముందు స్టారు కడతారు, దేవుడు ఈ ఇంటికీ రావచ్చు అని. పండుగ ముందు పాటలు పాడుకుంటూ తిరిగే క్యారల్స్ వాళ్లు కూడా స్టారు వెలిగే ఇంటి ముందే ఆగుతారు.

"అంటే స్టారు లేకుంటే ఆ ఇంటికి రారా అయ్యగారు?" అని అడిగాడట పరశురాములు.

"పండుగ చేసుకోవట్లేదేమో అనుకుని ముందుకు పోతారు" అన్నారట పాస్టరు గారు.

అంటే ఐదేళ్ల తర్వాత చేసినది తెలియక చేశాడనడానికి లేదు. తెలుసు. తెలిసీ చేసిన పొరపాటు అది, అదీ మర్యాద కోసం చేసిన పొరపాటు.

బజారు చివరి ఇల్లు హర్యాది. సూర్యాపేట దాటాక ఆత్మకూర్ (ఎస్) వైపు గుట్ట మీద ఓ తండా ఉంది. అక్కణ్ణుంచి పెళ్లాం సాలి, కూతురు జమునాలను తీసుకుని వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. బజారులో తండా వాళ్ల ఇల్లు అదొక్కటే. చర్చిలో కలిసిన కొత్తలో వాళ్లని కొందరు కాస్త ఎడంగానే కూర్చోబెట్టారు. నోటితో ఎవరూ ఏమీ అనలేదు కానీ, చాప మీద జాగా ఉన్నా జరిగేవాళ్లు కాదు. హర్యా దాన్ని పట్టించుకోలేదు. క్యారల్స్‌లో డప్పు అందుకున్నాడు, పరశురాములుకు నిచ్చెన పట్టుకున్నాడు. రెండు మూడేళ్లలో హర్యా డప్పు లేకపోతే పాట లేవదు అనేంతవాడయ్యాడు. సాలికి కూడా చాప మీద జాగా దొరికింది.

2006లో బతుకమ్మ వెళ్లిన వారానికే హర్యా జ్వరంతో దవాఖానలో చనిపోయాడు. పరశురాములు పాడె మోశాడు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదని ఆయన భార్య యశోద మా ఇంట్లో చెప్పింది.

ఆ డిసెంబరులోనే చర్చి కమిటీ కొత్త పద్ధతి పెట్టింది. ఎవరి స్టారు వాళ్లు కట్టుకోవడం కాదు, బజారంతా ఒకే డిజైను, మొత్తం పని పరశురాములుదే. చర్చి గోపురం నుంచి చివరి ఇంటి దాకా తోరణాలు, ప్రతి గడప ముందూ ఒకే సైజు స్టారు. చూడటానికి కోదాడ, మిర్యాలగూడ నుంచి కూడా జనం వస్తారని కమిటీ పెద్ద అంజయ్య మీసం దువ్వాడు.

పరశురాములు ఒక్కో ఇల్లూ కట్టుకుంటూ వచ్చి, హర్యా ఇంటి ముందు ఆగాడు. చావు జరిగిన ఇల్లు. ఆయన పెరిగిన పద్ధతిలో ఏడాది తిరిగేదాకా ఆ గడపకు పండుగ లేదు, తోరణం లేదు. మనిషి పోయి మూడు నెలలు కాకముందే ఆ ఇంటికి తళుకు బల్బులు చుట్టడం ఆయనకు చేతకాలేదు. హర్యా మీద ప్రేమతోనే, చప్పుడు చేయకుండా నిచ్చెన మడిచి వెనక్కి తిరిగాడు. లోపల సాలి ఉంది. పిలిచి ఒక్క మాట అడగొచ్చు. ఏడుస్తున్న మనిషిని బల్బుల గురించి ఏం అడుగుతాంలే అనుకున్నాడు.

సాలి కిటికీలోంచి చూసింది. రేపు వస్తాడేమో అనుకుంది. రేపు వచ్చింది, ఆయన రాలేదు. బజారంతా జాతరలా వెలిగింది, ఆమె ఇంటి దగ్గరికొచ్చేసరికి తెగ్గోసినట్టు చీకటి. క్యారల్స్ వాళ్లు వచ్చిన సాయంత్రం ఆమె గారెలు చేసి, గిన్నె నిండా చాయ్ కాచి, జమునాకు తల దువ్వి గడపలో కూర్చోబెట్టింది. వాళ్లు పక్కింటి దాకా పాడుకుంటూ వచ్చారు. స్టారు లేని ఇల్లు చూశారు. పాపం, దుఃఖంలో ఉన్నారు, కదిలించొద్దు అనుకుని డప్పు ఆపి, గొంతు తగ్గించి తిరిగిపోయారు. వాళ్లదీ మర్యాదే. ఆ బజారులో ఆ వారం మర్యాద చేయనివాడు లేడు, నోరు తెరిచి అడిగినవాడూ లేడు.

హర్యా ఉన్నంతవరకే మాకు జాగా, అనుకుంది సాలి. పండుగ రోజు చర్చికి రాలేదు. కొత్త సంవత్సరం వచ్చేసరికి ఇంటికి తాళం పడింది. తల్లీకూతుళ్లు తండాకు వెళ్లిపోయారు.

దాంతో బజారులో కథ మొదలైంది. సాలే స్టారు వద్దందట, మళ్లీ పాత మొక్కులు పట్టుకుందట, తండాలో మేకను కోసిందట. కోసినప్పుడు పక్కనే నిలబడి చూసినట్టు చెప్పారు జనం. అంజయ్య అయితే తీర్పే ఇచ్చేశాడు: "మొగుడు పోంగనే దేవుణ్ణి ఇడిసిపెట్టింది."

జనవరిలో ఆత్మకూర్ వైపు ఓ పెళ్లి పనికి వెళ్లినప్పుడు పరశురాములుకు పత్తి చేలో సాలి కనిపించింది.

"ఏం చెల్లే, ఇల్లు తాళమేసి వచ్చినవ్?" అని పలకరించాడు.

ఆమె పత్తి తీయడం ఆపలేదు. "అన్ని ఇండ్లకు కట్టి మా ఇల్లొక్కటి ఇడిసిపెడితే ఇంకేం జేస్తరన్నా? పొమ్మనకుంటనే పొగ వెట్టిన్రు."

పరశురాములు చేయి పట్టుకున్నంత పని చేసి జరిగిందంతా చెప్పాడు. కమిటీ వాళ్లు ఏమీ అనలేదని, సావు ఇంటికి తోరణం కట్టరాదని తానే ఆగిపోయానని. బజారులో ఆమె గురించి పుట్టిన మాటలు కూడా దాచలేదు.

సాలి ఒడిలోని పత్తిని మూటలో వేసింది. తర్వాత అంది: "గట్లనా. అయితే గా మాట ఆడ చెప్పు. వాళ్లు నన్ను పక్కకు వెట్టలేదని నాకెరుకైంది. నేను దేవుణ్ణి ఇడిసిపెట్టలేదని వాళ్లకెరుక గావాలె. వాళ్లు రమ్మంటే వస్త. అంతకుమించి నాకేం వద్దన్నా."

"ఆదివారమే చెప్త" అన్నాడు పరశురాములు.

ఆదివారం చర్చి బయట నిలబడ్డాడు కూడా. ఖర్మ కాకపోతే, ఆ రోజే పాస్టరు గారు అందరి ముందూ ఆయన్ని పిలిచి శాలువా కప్పారు. ఇంత వెలుగు తెచ్చిన మనిషి, దుఃఖంలో ఉన్న ఇల్లు స్టారు వద్దంటే ఆ మాటనూ గౌరవించిన మనిషి అని పొగిడారు. మిర్యాలగూడ చర్చి పని కూడా మీకే ఇప్పిస్తానన్నారు. జనం చప్పట్లు కొట్టారు. పరశురాములు శాలువా సర్దుకుని, దండం పెట్టి, ఆ మాట చెప్పకుండానే ఇంటికి పోయాడు. వచ్చే వారం అనుకున్నాడు. వారాలకేం, అవి వస్తూనే ఉంటాయి.

చెప్పని మాట ఆయన్ని ఊరుకోనివ్వలేదు. ఆ మరుసటి డిసెంబరు నుంచి ఆయన లైటింగ్‌కు పిచ్చి పట్టింది. కమిటీ పది తోరణాలు అడిగితే ముప్పై కట్టేవాడు. మిర్యాలగూడలో చర్చి గోడలు కనపడకుండా బల్బులు కప్పాడు. కోదాడలో పశువుల పాక, దేవదూతలు, గొర్రెల కాపరులు, కదిలే నక్షత్రం, అన్నీ పెట్టేసరికి విజయవాడ పోయే కార్లు రోడ్డు పక్కన ఆగి చూసేవి. "మా వూళ్లో కూడా ఇలాంటిది లేదండీ" అని కృష్ణా జిల్లా వాళ్లు ఒప్పుకున్నారంటే అర్థం చేసుకోండి. ఇక చర్చి బజారు గోపురం మీద ఏటేటా పెరిగే పెద్ద స్టారు ఒకటి. దానికి కూలి కూడా తీసుకునేవాడు కాదు. ఎంత భక్తి అనేవాళ్లు. అపరాధం మోసే లైటింగ్ మనిషి దొరికితే ఏ కమిటీకైనా పండుగే కదా.

నాకు ఈ సంగతి 2009లో, చాయ్ తాగుతూ చెప్పాడు. నాకు ఒళ్లు మండింది.

"చేసిన పాపం చెప్తే పోతదంటరు. నువ్వు బల్బులు కడితే పోతదనుకుంటున్నవా?"

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదంటరు గదన్నా? ఏమని చెప్పాలె? మొదాల తప్పు చిన్నది. ఇప్పుడు గీ ఊకున్నదే పెద్దదైంది" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనే వెళ్లి చెప్పొచ్చు కదా అంటారు. అన్నాను కూడా. "వద్దు, ఆమె నన్ను చెప్పుమన్నది" అని నా మోకాలు పట్టుకున్నాడు. ఆ తర్వాత ప్రతి డిసెంబరులోనూ నిచ్చెన దించేటప్పుడు నేను ఆయన మొహం చూసేవాణ్ణి, ఆయన నా మొహం చూసేవాడు కాదు.

2013 వచ్చింది. కరెంటు కోతల కాలం. రెండు జనరేటర్లు పెట్టి మరీ వెలిగించాడు. పండుగ ముందురోజు సాయంత్రం చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తండాల నుంచి ఆటోల్లో జనం దిగారు. ఆ గుంపులో, చర్చి గేటుకు కాస్త దూరంగా సాలి నిలబడి ఉంది. పక్కన జమునా, తల్లికంటే పొడుగైంది. అందరిలాగే తలెత్తి గోపురం మీది స్టారు చూస్తున్నారు.

అంజయ్య గేటు దగ్గరే ఉన్నాడు. గుర్తుపట్టి, నలుగురూ వినేలా, "ఏం సాలీ, ఇప్పుడు యాదికొచ్చిండా దేవుడు?" అన్నాడు.

సాలి అంజయ్య వైపు చూడలేదు. వైరు చుట్ట చేతిలో పట్టుకుని నిచ్చెన పక్కన నిలబడ్డ పరశురాములు వైపు చూసింది. కోపంగా కాదు. ఇంకా చెప్పలేదా అన్నట్టు.

ఆ చూపు నేనూ చూశాను. పరశురాములు వైరు కింద పడేసి నేరుగా చర్చి ముందు కట్టిన వేదిక ఎక్కాడు. మైకు ఆయనదే, జనరేటరూ ఆయనదే, ఆపేవాడు ఎవడు? పాడుతున్న పిల్లల్ని పక్కకు జరిపి మైకు అందుకున్నాడు.

"హర్యా ఇంటికి స్టారు కట్టనిది నేను. సాలి వద్దనలే. నన్నెవ్వరు కట్టద్దనలే. సావు ఇల్లని నేనే ఇడిసిపెట్టిన, అడగకపోతి. ఆమె దేవుణ్ణి ఇడిసిపెట్టలే. గిది మీకు చెప్పుమని ఆమె అప్పుడే అడిగింది. శాలువా కప్పిన్రని ఊకున్న. నన్ను చెప్పుతోని కొట్టుండ్రి, ఆమెనేమనకుండ్రి."

పాస్టరు గారు ముసలివారైపోయారు. కర్ర ఊతంగా మెల్లగా మెట్లు దిగి గేటు దాకా వచ్చారు. "లోపలికి రా అమ్మా. మేమూ అడగలేదు. నాలుగు అడుగులేస్తే మీ ఇల్లు, అయినా అడగలేదు" అన్నారు. అంజయ్య తల వంచుకుని దారి ఇచ్చాడు. ఆడవాళ్ల చాప మీద, ఎవరూ చెప్పకుండానే, జరిగి జాగా చేశారు.

సాలి కూతురి చేయి పట్టుకుని లోపలికి వెళ్తూ, వేదిక దిగి నిలబడ్డ పరశురాములు దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"గోపురం మీది స్టారు మా గుట్ట మీదికి కనబడ్తదన్నా" అంది నెమ్మదిగా. "ఏటికేడు పెద్దగైతుంటే, అన్న ఈసారి చెప్పినట్టున్నడు, ఇగ పిలుస్తరు అని జమునాకు నెత్తి దువ్వి కూసోవెడ్తుంటి."