పసుపు టాంగ్‌కు నాలుగు దినాల జైలు

ఉప్పునీళ్ల చేపల పిచ్చి నాకు అంటించింది మా పైపోర్షన్‌ల కిరాయికుండే సారే. దిల్‌సుఖ్‌నగర్‌ కోచింగ్ సెంటర్ల లెక్కలు చెప్పేటాయన, తెనాలి దిక్కు మనిషి. పదకొండేండ్ల సంది మా ఇంట్లనే ఉంటున్నడు. ఆయన ట్యాంక్ చూసి ఓర్వలేక నేను కింద అంతకు రెండింతలది పెట్టిచ్చిన. నేను సర్కారీ ఆఫీసుల గుమస్తాను. మాది నల్లగొండ దిక్కు పల్లె, సముద్రం మొఖం చూసింది రెండే మాట్లు. అయినా సరే, ఎల్బీనగర్ దుకాణపోడు ఎట్ల చెప్తే అట్ల ఈ చేపలకని అమ్మే ప్యాకెట్ ఉప్పు నీళ్లల్ల తూకమేసి కలిపేటోణ్ణి. "కల్లుప్పు ఏస్తే సచ్చిపోతయా ఏంది?" అని పక్కింటామె నవ్వేది. సస్తయమ్మా, నిజంగనే సస్తయ్!

నా ట్యాంక్‌ల రాజు పసుపు టాంగ్. అరచెయ్యంత చేప. చూడ ముచ్చటగ ఉంటది గని, తోక మొదట్ల రెండు దిక్కుల బ్లేడు అసొంటి ముల్లు. తెలంగాణ ఉద్యమం రోజులాయె, మా యూనియన్ దోస్తులు చాయ్‌కొచ్చి "గులాబీ రంగుది దొరకలేదా అన్నా?" అని మొఖం ముడుచుకునేటోళ్లు. ఒక్కొక్కనికి నా ట్యాంక్‌ల రాజకీయమే కనవడేది. "చేపల్ని చేపల లెక్క చూడున్రి ర బై" అని నేను గరమయ్యేటోణ్ణి.

సమ్మె మొదలైంది. ఆఫీసులు బంద్, బస్సులు బంద్, కోచింగులు బంద్. గా రోజులల్లనే సార్ ట్యాంక్ మూల పగిలి నీళ్లు కారుడు మొదలువెట్టింది. బాగుచేసేటోని దుకాణం కూడ బంద్. ఆయనకున్నది ఒక్కటే చేప, నీలి టాంగ్, ఆరేండ్లు పెంచిండు. దాన్ని బకెట్ల ఏసుకొని బనీను మీదనే మెట్లు దిగి వచ్చిండు. కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయ్.

"మీ దాంట్లో కాస్త చోటిస్తారాండీ? బకెట్లో ఇది రెండ్రోజులు కూడా బతకదు."

"ఇదేం మాట సార్, పానం పెట్టి చూసుకుంట" అన్న. అనుడు అల్కనే, చేసుడే కష్టం.

అర్ధగంటల నా పసుపోడు తోక తిప్పి దాన్ని రెండు చోట్ల గీరిండు. నీలిది రాళ్ల సందుల దూరి బయటికి రాదు, మేత ముట్టదు. సార్ ఒక ఉపాయం చెప్పిండు. గాజు పక్కకు అద్దం నిలవెడితే పసుపోడు తన మొఖమే ఇంకో టాంగ్ అనుకొని దానితోని కొట్లాడుకుంటడు, నీలిదాని జోలికి పోడు. మా ఇంట్ల అద్దమంటే మా ఆమె అద్దమే. దాని నిండ ఏండ్ల సంది అంటిచ్చిన స్టిక్కర్ బొట్లు. పసుపోడు ఒక పూట తన మొఖంతోని మస్తుగ కొట్లాడిండు. రెండో పూటకు కొట్లాట ఇడిసిపెట్టి, ఎర్ర బొట్లు తినేటియి అనుకొని గాజుకు మూతి కొట్టుకునుడు పెట్టిండు. మూడో పూట మా ఆమె బతుకమ్మకు తయారు కావాలని అద్దం గుంజుకపోయింది. "నీ చేప సోకులు అయిపోతే జర నన్ను తయారు కానిస్తవా?" అన్నది.

ఇగ ఒక్కటే దారి అన్నడు సార్. "మీ పసుపుదాన్ని చిల్లుల బుట్టలో పెట్టి అదే ట్యాంకులో ఓ మూల వేలాడదీద్దాం. రాళ్లన్నీ మార్చి పేరుద్దాం. నాలుగు రోజులయ్యాక వదిలితే, తనది అనుకున్న చోటు అక్కడ ఉండదు. దేనికోసం పోట్లాడాలో దానికీ తెలీదు."

నాకు మండింది. గీరింది మా వోడే, ఒప్పుకుంట. గని జైలు మా వోనికా? నోరు జారింది.

"ఇదెక్కడి న్యాయం సార్! ముందుగాల ఉన్నది మాది. మీది నిన్న గాక మొన్న వచ్చింది. వచ్చినదానికి ఇల్లిచ్చి ఇంటోణ్ణి లోపటేస్తరా?"

మా ఆమె చేతిల తంగేడు పూలు చేతిల్నే ఉన్నయ్. సార్ నా దిక్కు చూడలే. "మీ ఇష్టమండి" అని మెట్లెక్కి పోయిండు.

"చేప గురించే అన్న గదనే" అన్న మా ఆమెతోని.

"ఎవలను నమ్మిస్తున్నవ్? నన్నా, నిన్నా?" అన్నది ఆమె పూలు పేర్చుకుంట.

దునియల ఉన్నోళ్లందరికి నీతులు చెప్పినోణ్ణి, నేనే గింత మాట అంటి. సిగ్గుతోని తల ఎత్తలేకపోయిన.

తెల్లారినంక వంటింట్లకెళ్లి చిల్లుల ప్లాస్టిక్ బుట్ట ఎత్తుకచ్చిన. పసుపోణ్ణి పట్టుడు మాటలా? మోచేతిదాంక ఉప్పునీళ్లు, బొటనవేలికి వాని ముల్లు గాటు. రాళ్లన్ని తీసి కొత్తగ పేర్చిన. తిండికాడ లొల్లి ఉండొద్దని రెండు కొసలకు పాలకూర కట్టిన. ఆ దినమే నీలిది బయటికొచ్చి ఆకు కొరికింది. సార్ మాత్రం దిగి రాలే. పొద్దుగాల మెట్ల మీదికెళ్లే "బతికుందాండీ?" అని అడుగుడు, నేను "ఉంది సార్" అనంగనే ఎనుకకు తిరుగుడు.

ఐదో దినం పసుపోణ్ణి ఇడిసిన. వాడు బిత్తరపోయిండు. ఏ రాయి ఎక్కడుందో తెల్వక, కిరాయికి ఇల్లు దేవులాడేటోని లెక్క తిరిగిండు. నీలిది ఎదురొచ్చింది. రెండు తోకలు లేపినయ్, ఒక చుట్టు తిరిగినయ్. గంతే. ఎవని పాలకూర కాడికి వాడు పోయిండు.

సంబురం పట్టలేక పైకి ఉరికిన. తలుపు తీసే ఉంది. లోపట అట్టపెట్టెలు, సగం సర్దిన సామాన్లు.

"హయత్‌నగర్ దగ్గర ఓ ఇల్లు చూశానండి" అన్నడు నా మొఖం చూడకుంట. "మీరన్నది చేప గురించేనని నాకు తెలుసు. కానీ పదకొండేళ్ల తర్వాత కూడా నేను నిన్న గాక మొన్న వచ్చినవాణ్ణేనేమో అనిపించింది."

అక్కడున్న పెట్టె మీదనే కూలవడ్డ. తెలంగాణ రావాలె అని ధర్నాల కూసున్న మనిషిని నేను, గా మాట మీదనే ఉన్న. గని ఈ మనిషి పోవాలె అని ఒక్కనాడు అనుకోలే. అదే చెప్పిన. తప్పయింది అనే మాట మాత్రం నోట్లకెళ్లి రాలే, మా ఇంటా వంటా లేదు.

"మీరు పోతే నేను ఎవలతోని కొట్లాడాలె సార్?" అన్న.

ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.

"ముందు ఆ పెట్టె మీంచి లేవండి" అన్నడు. "పుస్తకాలు బయటికి తియ్యాలి."