అత్తయ్య వంట, మావయ్య ముక్కు

కొవ్వూరు దాటాక కాలవ గట్టున, మూతపడిన రైసుమిల్లులో మా అత్తయ్య రెస్టారెంటు పెట్టింది. తెల్లటి గుడ్డలు పరిచిన టేబుళ్లు, ఒకదాని తర్వాత ఒకటిగా తాపీగా వచ్చే వంటకాలు. అక్కడ సాయంత్రాలు కాలవ నీళ్లలాగే మెల్లగా కదిలేవి. రాజమండ్రి నుంచి కార్లలో వచ్చినవాళ్లు కూడా గొంతు తగ్గించి మాట్లాడేవారు. సెలవు దొరికితే నేనూ అక్కడే ఉండేదాన్ని.

కరోనా వచ్చి తగ్గాక అత్తయ్యకి వాసన తెలియకుండా పోయింది. ఇక మూసేద్దామంది. అప్పటిదాకా వంటింట్లోకి తొంగిచూడని మావయ్య వచ్చి పొయ్యి పక్కన నిలబడ్డారు.

"మసాలా వేగిందంటారా?" అని అత్తయ్య అడిగేది.

ఆయన కళ్లు మూసుకుని ఆవిరి పీల్చి, "కాస్త ఆగు, ఇంకా పచ్చివాసన వస్తోంది" అనేవారు.

అలా ఏడాది పైనే నడిచింది. తినేవాళ్లెవరికీ తేడా తెలియలేదు.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన మొదలైంది. చింతచిగురు రొయ్యలు వండుతున్న అత్తయ్య గరిటెతోనే హాల్లోకి వచ్చేసింది.

"తడిమట్టి వాసనండీ! నాకు తెలుస్తోంది!" అంది.

అందరూ తినడం ఆపి చూశారు. మావయ్య కిటికీలన్నీ బార్లా తెరిచారు. జల్లు మీద పడుతున్నా ఎవరూ లేవలేదు.

రెస్టారెంటు ఇప్పటికీ నడుస్తోంది. వంటింట్లో మావయ్య కోసం అప్పట్లో వేసిన స్టూలు మాత్రం అలాగే ఉండిపోయింది.